తోడేలు, తోళ, లాండ్గా: బంకాపుర గుట్టల్లో మన మాట

మంద కాసే పిల్లోడు ఊరికే కేకలేసి ఊరోళ్లందరినీ ఉరికించే కథ మనందరికీ తెలిసిందే. ఆ కథలో వచ్చే జంతువు ఏదని మీ ఇంట్లో ఒకసారి అడిగి చూడండి. ఆంధ్రలో, తెలంగాణలో చదువుకున్నవాళ్లు ఆలోచించకుండా పులి అంటారు. "నాన్నా పులి" అన్నది ఇప్పుడు సామెత కిందే లెక్క. తమిళనాడులో ఉండే మనవాళ్లకూ పులే, అక్కడ "పులి వరుదు" అనేది అందరి నోట్లో ఆడే మాట. కానీ పావగడ, బాగేపల్లి, చింతామణి, బళ్లారి వైపు కన్నడ బడిలో చదివిన మనోళ్లను అడగండి. "తోళ బంతు తోళ" అంటారు. షోలాపూర్‌లో, ముంబయిలో మరాఠీ బడికి పోయినవాళ్లు "లాండ్గా ఆలా రే ఆలా" అంటారు. తోళ అన్నా లాండ్గా అన్నా తోడేలే. ఈసప్ కథలో మొదటినుంచీ ఉన్నది కూడా తోడేలే.

ఇట్లాంటిదే ఇంకొకటి ఉంది. మంచివాడి వేషం వేసుకొన్న మోసగాణ్ణి మనం మేకవన్నె పులి అంటాం. ఇంగ్లీషువాళ్లు అదే మనిషిని గొర్రెతోలు కప్పుకొన్న తోడేలంటారు. అక్కడా మన తెలుగులో పులే వచ్చి కూర్చుంది.

పావగడ తాలూకాలో పుట్టినోణ్ణి కాబట్టి నాకు రెండు కథలూ వచ్చు. ఇంట్లో అవ్వ చెప్పిన కథలో పులి, బడిలో అయ్యవారు చెప్పిన కథలో తోళ. తమాషా ఏమంటే మా సీమలో గొర్రెల్ని ఎత్తుకుపోయింది పులి కాదు, తోడేలే. అవ్వకు అది బాగా తెలుసు. కథలో పులి అని చెప్పిన మనిషే, రాత్రిపూట రొప్పంలో గొర్రెలు బెదిరితే "పులి వచ్చిందేమో" అని ఎప్పుడూ అనలేదు. "అది వచ్చిందేమో సూడు" అనేది. పామును రాత్రిపూట పేరు పెట్టి పిలవకుండా పురుగు అంటాం కదా, మా ఇంట్లో తోడేలుకు కూడా చీకటి పడితే పేరు లేదు. అది "అది", అంతే.

మన పేజీలో ఇంతవరకూ వంటింటి మాటలు, వరసల మాటలు, సేద్యం మాటలు చాలా రాసుకున్నాం. ఈసారి ఒక జంతువు పేరు పట్టుకొని రాస్తున్నా. పోయిన చలికాలం కొప్పళ జిల్లా గంగావతి తాలూకాలోని బంకాపుర తోడేళ్ల అభయారణ్యానికి పోయి వచ్చాను. అక్కడ చూసింది, విన్నది, దాంట్లో మన మాటకు సంబంధించింది ఇది.

పేరు ఎట్లా మారింది

ముందు మాట సంగతి చూద్దాం. తెలుగు తోడేలు, కన్నడ తోళ వేరువేరు మాటల్లాగ వినిపిస్తాయి గానీ దగ్గరి చుట్టాలే. ఈ నాలుగు జతలు పక్కపక్కన పెట్టుకోండి. మన కోడి వాళ్లకు కోళి. మన ఏడు వాళ్లకు ఏళు. మన పాడు వాళ్లకు హాళు. మన బీడు వాళ్లకు బీళు. మనం డ పలికే చోట కన్నడం ళ పలుకుతుంది. తమిళంలో వీటిల్లో చాలావాటికి నాలుక మడిచి పలికే ఆ ప్రత్యేకమైన ళ వస్తుంది. తోడేలు, తోళ కూడా ఈ వరుసలోనే నిలబడతాయి, మన మాటకు చివర "ఏలు" అనే తోక అదనం. బ్రౌన్ దొర 1852లో అచ్చు వేయించిన నిఘంటువులోనూ తోడేలు ఉంది. ఇది నిన్నా మొన్నా పుట్టిన మాట కాదు.

తమిళం దారి వేరే. వాళ్లు ఓనాయ్ అంటారు, అందులో నాయ్ అంటే కుక్క. మరాఠీ లాండ్గా మన కుటుంబపు మాటే కాదు. సంస్కృతంలో వృకం. తిండిపోతు భీముడికి వృకోదరుడు అని పేరు వచ్చింది దీనివల్లే, తోడేలు కడుపువాడని. భారతం హరికథలు విన్న మా పెద్దోళ్లకు వృకోదరుడు తెలుసు, ఆ వృకం తమ గొర్రెల్ని పట్టే తోడేలే అని మాత్రం ఎవరూ కలిపి చెప్పుకోలేదు.

మా ఇంట్లో మూడు తరాల్లో ఈ ఒక్క జంతువు మూడు పేర్లు మార్చింది. అవ్వ తోడేలు అనేది. నాయన సంతలో, తాలూకాఫీసులో కన్నడం మాట్లాడీ మాట్లాడీ ఇంట్లో కూడా తోళ అనేవాడు. ఇప్పటి పిల్లలు వుల్ఫ్ అంటారు, అదీ కార్టూన్లో చూసిన మంచు దేశపు బొచ్చు తోడేలును తలచుకొని. మా గుట్టల మీద తిరిగిన సన్నటి, బూడిద కలిసిన గోధుమరంగు జంతువు వాళ్ల తలలో లేదు.

ఏ బంకాపుర?

కర్ణాటకలో బంకాపురలు రెండున్నాయి, చాలామంది తికమక పడతారు. హావేరి జిల్లాలో ఉన్న బంకాపుర పాత కోట ఊరు, అక్కడున్నది నెమళ్ల అభయారణ్యం. నేను చెప్పేది అది కాదు. ఇది కొప్పళ జిల్లాలో గంగావతి తాలూకా బంకాపుర. ఆనెగొంది, హంపి వైపు చూసే ఆ గుండ్రాళ్ల గుట్టల సీమ ఇది. తుంగభద్రకు ఇవతల దరోజిలో ఎలుగుబంట్ల అభయారణ్యం 1994 నుంచీ ఉంది. ఇప్పుడు నదికి అవతల తోడేళ్లకు ఒకటి వచ్చింది.

2025లో కర్ణాటక సర్కారు దీన్ని తోడేళ్ల అభయారణ్యంగా ప్రకటించింది. సుమారు 332 హెక్టార్లు, ఎకరాల్లో 820 పైచిలుకు. తోడేళ్లకోసమే పెట్టిన అభయారణ్యం కర్ణాటకలో ఇదే మొదటిది. దేశంలో దీనికంటే ముందు జార్ఖండ్ లాతేహార్ జిల్లాలో మహువాడాండ్ ఉంది, 1976లో పెట్టింది. ప్రకటించిన ఏడాదే బంకాపురలో ఒక ఆడతోడేలు ఎనిమిది పిల్లల్ని ఈనిందని పేపర్లలో వచ్చింది.

820 ఎకరాలంటే వినడానికి పెద్దదే. తోడేలు లెక్కలో అది ఇంటి వాకిలి మాత్రమే. ఒక గుంపు రాత్రిళ్లు తిరిగే సీమ దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. కాబట్టి బంకాపుర తోడేళ్లు బంకాపురలోనే ఉండవు. పగలు గుట్టల్లో పండుకొని, పొద్దు వాలినాక చుట్టుపక్కల చేలల్లోకి, బీళ్లలోకి, మందల వైపు దిగుతాయి. అభయారణ్యం గీత మనం మ్యాపులో గీసుకున్నది, వాటికి దాంతో పని లేదు.

క్యాంపుల సీమ

గంగావతి అనంగానే మనలో సగంమందికి చుట్టాలు గుర్తొస్తారు. మా అక్కను ఇచ్చింది కారటగి దగ్గర ఒక క్యాంపులోకి. తెలియనివాళ్లకోసం క్యాంపుల సంగతి నాలుగు మాటల్లో చెప్తా. 1953లో తుంగభద్ర డ్యాంకు నీళ్లొచ్చినాక ఎడమ కాలువ కింద గంగావతి, సింధనూరు, మాన్వి వైపు మెట్ట భూములు మాగాణి అయ్యే వీలు వచ్చింది. అప్పట్లో ఈ సీమ హైదరాబాదు రాష్ట్రం రాయచూరు జిల్లాలో ఉండేది, 1956లో మైసూరు రాష్ట్రంలోకి పోయింది, 1997లో కొప్పళ జిల్లా విడిగా అయింది. కృష్ణ, గోదావరి, గుంటూరు వైపు రైతులు అక్కడి భూమి అమ్ముకొని వచ్చి ఇక్కడ ఎకరాలకు ఎకరాలు కొన్నారు. చేలకాడ వేసుకున్న గుడిసెల గుంపులకు క్యాంపు అని పేరు పడింది. గుడిసెలు మిద్దెలైనా క్యాంపు పేరు పోలేదు. ఈ రోజు గంగావతిని కర్ణాటక అన్నపు గిన్నె అంటారంటే ఆ చెమటే కారణం.

మాట విషయంలో క్యాంపులది ఒక వింత. డెల్టా నుంచి వచ్చినవాళ్లకు నక్క తెలుసు. గట్ల మీద తిరిగేది, రాత్రిళ్లు కూసేది, కథల్లో మోసం చేసేది. తోడేలు మాత్రం పుస్తకంలో మాట, కంటితో చూసింది కాదు. వచ్చిన సీమలో ఆ జంతువు ఉంది, దానికి స్థానికుల నోట పేరుంది. అందుకే మా బావకు తోడేలు కంటే తోళే దగ్గరి మాట. ఆయన వాళ్ల అమ్మానాన్నల గోదావరి యాసలోనే మాట్లాడతాడు, "వచ్చేసారండి", "చూసారాండి" అంటాడు. ఆ వాక్యం నడిమధ్యలో తోళ అని కన్నడ మాట వచ్చి కూర్చుంటుంది. మా పావగడలో తెలుగు మాట ఉండి దాని మీద కన్నడం కప్పింది. క్యాంపులో మాట ఖాళీగా ఉంటే కన్నడం వచ్చి నిండింది. రెండు చోట్లా చివరికి తోళే, కానీ దారులు వేరు.

గుట్ట మీద

బావ, నేను పొద్దున ఆరింటికల్లా అక్కడున్నాం. ఫారెస్టు వాళ్ల అనుమతి తీసుకొని, ఒక వాచర్ వెంట నడిచాం. ముందే చెప్తా, జూలాగ బోనులు ఉండవు, జీపెక్కించి తిప్పరు. ఎర్రమన్ను, నల్లగుండ్లు, ముళ్లతుమ్మ, రేగు, మోకాలెత్తు ఎండిన గడ్డి. మొదటిసారి చూసినోడికి అక్కడ ఏమీ లేదనే అనిపిస్తుంది. బావ కూడా అదే అన్నాడు.

"ఏముంది బావా ఇక్కడ? ఒట్టి పాడుభూమి కదా. నీళ్లిస్తే మూడేళ్లలో వరి పండిద్దును."

వాచర్ నవ్వి కింద చూపించాడు. మెత్తటి మట్టిలో అడుగులున్నాయి. కుక్క అడుగులే అనుకున్నా. ఆయన పుల్లతో గీసి తేడా చెప్పాడు. తోడేలు అడుగులో ముందరి రెండు వేళ్లు పొడుగ్గా ముందుకుంటాయి. అంతకంటే పెద్ద గుర్తు నడక. ఊరకుక్క అటొక వాసన ఇటొక వాసన చూస్తూ వంకరటింకరగా పోతుంది. తోడేలు దారం పట్టి గీసినట్టు నేరుగా పోతుంది. ఎక్కడికి పోవాలో దానికి ముందే తెలుసు. ఇంకొంచెం ముందుకు పోతే ఎండిన మలం, దాని నిండా వెంట్రుకలు. కుందేలువో మేకవో చూడంగానే చెప్పలేం, అందుకే పరిశోధకులు వాటిని ఏరి, వెంట్రుకల్ని అద్దాల కింద పెట్టి ఏం తిన్నదో లెక్కేస్తారని వాచర్ చెప్పాడు.

గుహల వైపు పోనీలేదు. చలికాలం అవి పిల్లలు పెట్టే కాలం. తల్లికి అలికిడి తగిలితే పిల్లల్ని నోట కరుచుకొని తావు మారుస్తుంది, ఆ మార్చడంలో పిల్లలు చచ్చిపోతాయి. అందుకే దూరంగా ఒక గుండు చాటున కూర్చోబెట్టాడు. రెండు గంటలు కూర్చున్నాం. నెమళ్లు, ఒక గుంటనక్క, కంజుపిట్టలు తప్ప ఏమీ లేదు. మధ్యాహ్నం తిరిగి వచ్చి మళ్లీ సాయంత్రం పోయాం.

పొద్దు గుట్ట వెనక్కి దిగుతుండగా వాచర్ చెయ్యి నా భుజం మీద పడింది. ఎదురు గుట్ట నడుమున ఒక గుండు కదిలినట్టయింది. గుండు కాదు. ఒక తోడేలు లేచి ఒళ్లు విరుచుకొంది. తర్వాత దాని వెనక ఇంకొకటి. నేను అనుకున్నంత పెద్దది కాదు. కాళ్లు పొడుగు, నడుము సన్నం, ఒంటి మీద బొచ్చు తక్కువ. రెండూ కిందికి దిగలేదు, మా వైపు చూశాయో లేదో కూడా తెలియలేదు. చేలల్లోంచి మంద తిరిగొచ్చే గంటల చప్పుడు వినపడుతూ ఉంది. రెండూ అటే చెవులు పెట్టుకొని నిలబడ్డాయి. ఒక నిమిషం ఉంటుందేమో. తర్వాత గుండ్ల మధ్యలో కలిసిపోయాయి.

బావ చాలాసేపు ఏమీ అనలేదు. కిందికి దిగేటప్పుడు మాత్రం, "కుక్క కంటే పెద్దగా ఏం లేదు కదా బావా. దీనికోసమా మా చిన్నప్పుడు అంత భయపెట్టారు?" అన్నాడు.

మన తోడేలు ఎట్లాంటిది

ఆ ప్రశ్నకు జవాబుంది. మన దేశపు తోడేలు సుమారు 17 నుంచి 25 కిలోలు తూగుతుంది. మంచు దేశాల తోడేలు దీనికి రెండింతలు ఉంటుంది. ఎండ సీమ జంతువు కాబట్టి బొచ్చు పలచన, ఒళ్లు చిన్నది. పెద్ద అడవిలో ఉండదు. గడ్డిబీళ్లు, ముళ్లకంపలు, రాళ్లగుట్టలు, మెట్టచేలు దాని చోట్లు. మనిషికీ, మందకీ దగ్గరగా బతికే జంతువు ఇది. పేరుకు గుంపు అంటాం గానీ సాధారణంగా అది ఒక కుటుంబం. తల్లి, తండ్రి, ఆ ఏటి పిల్లలు, ఒక్కోసారి పోయినేటి పిల్లలు. రెండు నెలలు మోసి ఈనుతుంది. కళ్లు తెరవని పిల్లలకాడ తల్లి ఉంటే మిగిలినవి వేటకు పోయి, తిన్నది తెచ్చి కక్కి పెడతాయి.

2021లో వచ్చిన ఒక జన్యు అధ్యయనం ప్రకారం ప్రపంచంలో మిగిలిన తోడేళ్ల శాఖల్లో మన దేశపు తోడేలు శాఖ చాలా పాతది, మిగతావాటి నుంచి ఎప్పుడో విడిపోయింది. ఇప్పుడు దేశం మొత్తం మీద ఉన్నవి సుమారు మూడు వేలు. పులులు కూడా అటూఇటూగా అంతే ఉన్నాయి. కానీ పులికి పదుల కొద్దీ రిజర్వులున్నాయి, తోడేలుకు పేరు పెట్టి ఇచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 1972 చట్టంలో మొదటి షెడ్యూలులోనే ఉంది, పులికి ఎంత రక్షణో కాగితం మీద దీనికీ అంతే.

భయం ఊరికే పుట్టిందని కూడా అనను. 2024లో ఉత్తరప్రదేశ్ బహరాయిచ్ జిల్లాలో తోడేళ్లు పసిపిల్లల్ని ఎత్తుకుపోయిన సంగతి మనమంతా టీవీలో చూశాం. అట్లాంటివి అరుదు, కానీ జరుగుతాయి. బ్రిటిషు సర్కారు తలకింతని బహుమానం పెట్టి వేలకు వేలు తోడేళ్లను చంపించింది కూడా ఆ భయం పేరు మీదే. ఇప్పుడు వాటికి ఇంకో కొత్త ముప్పు వచ్చింది, ఊరకుక్కలు. కుక్కల జబ్బులు అంటుకుంటాయి, కుక్కలతో జత కడతాయి. పుణె వైపు అట్లా పుట్టిన సంకరాలను పరిశోధకులు జన్యు పరీక్షలతో తేల్చారు.

కాపాడటం అంటే

నేను పోయి వచ్చినట్టు తెలిసి కొందరు, "అక్కడ కాపాడి తెచ్చిన తోడేళ్లను పెంచుతారా?" అని అడిగారు. లేదు. అట్లాంటి ఆశ్రయాలు అమెరికాలో చాలా ఉన్నాయి. అక్కడ కొందరు తోడేళ్లను, తోడేలు కుక్క కలిసిన సంకరాలను ఇంట్లో పెంచుకుంటారు. అవి పెరిగి అదుపు తప్పినాక వదిలించుకుంటారు. అట్లా దిక్కులేనివాటికి వాషింగ్టన్ రాష్ట్రంలోని వుల్ఫ్ హేవెన్ లాంటి సంస్థలు కంచెల మధ్య చోటు పెట్టి చచ్చేదాకా చూసుకుంటాయి. అది 1982 నుంచీ ఉంది.

మన దగ్గర తోడేలును ఇంట్లో పెంచడం నేరం. మన దగ్గర కాపాడటం అన్నది వేరేగా మొదలవుతుంది. చెరుకు కోసేటప్పుడో, జేసీబీతో మట్టి తవ్వేటప్పుడో పిల్లలు బయటపడతాయి. చూసినోళ్లు జాలిపడి ఇంటికి తెచ్చి ఆవుపాలు పోస్తారు. వాచర్ చెప్పిన మాట ఇక్కడ అందరూ గుర్తుపెట్టుకోవాలి. పిల్లలు ఒంటరిగా కనిపిస్తే తల్లి లేదని కాదు, వేటకు పోయి ఉంటుంది. వాటిని ముట్టకుండా అక్కడే వదిలి, జనాన్ని దూరం పంపి, ఫారెస్టు వాళ్లకు చెప్పాలి. రాత్రికి తల్లి వచ్చి తీసుకుపోతుంది. మనిషి చేతిలో పెరిగిన పిల్లకు వేట రాదు, మనిషంటే భయం ఉండదు. దాన్ని మళ్లీ బీట్లో వదలడం చాలా కష్టం. ఇంక దాని బతుకంతా జూలోనే. కాబట్టి గుహను కాపాడితేనే పిల్లను కాపాడినట్టు.

మంద వైపు నుంచి

తోడేలు గురించి రాసి గొర్రెలోళ్ల గురించి రాయకపోతే అన్యాయం. సాయంత్రం దిగి వస్తుంటే ఒక కురుబ పెద్దాయన మందను తోలుకొని ఎదురొచ్చాడు. కన్నడం మాట్లాడాడు. మేం తెలుగోళ్లమని తెలిసినాక తెలుగులోకి మారాడు. ఎండాకాలం మందతో రాయచూరు దాటి ఆదోని, ఎమ్మిగనూరు దాకా పోతాడంట, ఆ తెలుగు అక్కడ పట్టింది.

"అజ్జా, తోళ మీ గొర్రెల్ని పడుతుందా?" అని అడిగాను.

"పట్టకుండా ఉంటాదా? దానికీ కడుపు ఉండాది గదప్పా" అన్నాడు. "కుక్క మొరిగినంక వచ్చేది తోళ గాదు. గొర్రెలన్నీ ఒకే పక్కకు మొగం పెట్టి బిగుసుకుంటాయి సూడు, అప్పుడు వచ్చినట్టు. మా నాయన కాలంలో ఏడాదికి ఒకటో రెండో దాని పాలు అని ఇడిసేవాళ్లు."

"ఇప్పుడో?"

"ఇప్పుడు ఒక పొట్టేలు ధర ఎంతో తెలుసునా నీకు? ఎట్ల ఇడుస్తాం?"

పరిహారం సంగతి అడిగితే, ఉంది అన్నాడు. కానీ కళేబరం చూపించాలి, డాక్టరు రావాలి, కాగితం రాయాలి. మంద ఒకచోట నిలిచేది కాదు, ఈ రాత్రి ఈ చేను, రేపు ఇంకో ఊరు. కాగితం వచ్చేలోపల మంద పది ఊళ్లు దాటి ఉంటుంది. తోడేలు బతకాలంటే ఈ పెద్దాయన సహనం ఉండాలి, ఆ సహనానికి ఖర్చు ఆయన ఒక్కడి జేబులోంచి పోతోంది. వెనకటికి గుహలో పొగపెట్టి పిల్లల్ని చంపేవాళ్లు, ఇప్పుడూ అక్కడక్కడా జరుగుతుంది. దాన్ని ఆపాలంటే చట్టం కంటే ముందు ఆ పొట్టేలు ధర వెంటనే చేతికి రావాలి.

బీడు, పాడు, గోమాళ

బావ అన్న పాడుభూమి అనే మాట నా తలలో ఉండిపోయింది. పైన చెప్పిన జతల్లో పాడు, హాళు ఒకటి, బీడు, బీళు ఒకటి. రెండూ దున్నని నేలకే చెప్తాం గానీ ఒకటి కాదు. పాడు అంటే చెడిపోయింది. బీడు అంటే దున్నకుండా వదిలింది, మేతకు పనికొచ్చేది. గొర్రెలోడు బీడు అనే చోట, మాగాణి రైతు పాడు అంటాడు. సర్కారు కాగితంలో అదే బంజరు. మాట మారేకొద్దీ ఆ నేల విలువ తగ్గుతూ వచ్చింది. అందుకే గడ్డిబీళ్లను ఖాళీ జాగా అనుకొని చెట్లు నాటతారు, ప్లాట్లు వేస్తారు, కాలువ వస్తే దున్నుతారు. గడ్డిబీట్లో బతికే తోడేలుకూ జింకకూ నీడనిచ్చే చెట్ల తోపు మేలు చేయదు, చోటు తగ్గిస్తుంది.

పావగడలో మాకు ఇంకో మాట ఉంది, గోమాళ. ఊరి పసువులు మేసే ఉమ్మడి నేల. కన్నడ మాటే, మన తెలుగులో కలిసిపోయింది. మా తాలూకాలోనే తిరుమణి వైపు సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. వానల్లేక వలసలు పోయిన రైతులకు ఎకరాకు ఏటా 21,000 రూపాయల కౌలుతో మొదలైంది, అది చాలా ఇళ్లను నిలబెట్టింది, కాదనను. అదే సమయంలో మేసే చోటు తగ్గిన మందలు అమ్ముడుపోయాయి. మంద పోతే మంద మాటలు కూడా పోతాయి. రొప్పం అంటే గొర్రెల్ని రాత్రికి తోలే కంపచుట్టు దొడ్డి. కన్నడంలో రొప్ప. మా పక్కన అదే పేరుతో ఒక ఊరే ఉంది. ఈ కాలపు పిల్లలకు అది బస్సు ఆగే చోటు పేరు మాత్రమే. మంద కట్టడం అంటే ఎరువుకోసం పరుల చేలో రాత్రికి గొర్రెల్ని పండబెట్టడం, దానికి చేని ఆసామి ధాన్యమో డబ్బో ఇస్తాడు. హట్టి అంటే గొల్లల గుడిసెల గుంపు. ఇవన్నీ తోడేలుతో పాటు ఒకే బీట్లో పుట్టి పెరిగిన మాటలు. ఆ బీడు దున్నితే జంతువు ముందు పోతుంది, మాట ఒక తరం ఆగి పోతుంది.

మీ వైపు ఏమంటారు?

ఈ పని ఒక్కణ్ణి చేస్తే అయ్యేది కాదు. షోలాపూర్‌లో ఉన్న మన పద్మశాలి కుటుంబాలకు ప్రత్యేకంగా ఒక మాట. మీ ఊరికి దగ్గరే నాన్నజ్ గడ్డిబీడు ఉంది. బట్టమేకపిట్టకోసం 1979లో అభయారణ్యం చేశారు, తోడేళ్లకూ అది పేరున్న చోటే. మీ ముసలివాళ్లు మగ్గం ముందు కూర్చొని పిల్లల్ని జోకొట్టేటప్పుడు తోడేలు అనేవాళ్లా, లాండ్గా అనేవాళ్లా? హోసూరు, కృష్ణగిరి వైపువాళ్లు ఓనాయి అంటారా, తోడేలు అంటారా? గంజాం, రాయగడ వైపు ఏ మాట? యానాంలో తోడేలు ఉండే వీలు లేదు, అక్కడ కోరంగి మడ అడవుల్లో నక్కే రాజు. మరి యానాం అవ్వ కథలో గొర్రెపిల్లను ఎవరు ఎత్తుకుపోయేవాళ్లు?

అడిగేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోండి. "వుల్ఫ్‌ను ఏమంటారు?" అని అడిగితే బడిలో నేర్చుకున్న మాటే చెప్తారు. "రాత్రిపూట మందలో ఏదన్నా పడితే ఏమని అరిచేవాళ్లు?" అని అడగండి. అప్పుడు ఇంటి మాట బయటికొస్తుంది. దానితో పాటే దొడ్డిని ఏమనేవాళ్లు, కావలి కుక్కను ఏమని పిలిచేవాళ్లు, తోడేలును బెదరగొట్టడానికి ఏ కూత వేసేవాళ్లు, అవి కూడా రాసుకోండి. కూతలు ఏ నిఘంటువులోనూ ఉండవు. వీలైతే ఫోన్లో రికార్డు చేయండి, చెప్పినవాళ్ల ఊరు, వయసు రాయండి, పేరు అవసరం లేదు.

బంకాపురకు పోవాలనుకునేవాళ్లకు చివరగా రెండు మాటలు. ముందు గంగావతిలో ఫారెస్టు వాళ్లను అడిగి అనుమతి తీసుకోండి, చలికాలంలో గుహల వైపు పోదామని బలవంతపెట్టకండి. తోడేలు కనపడుతుందని హామీ లేదు. కనపడకపోయినా దోవలో ఏదో ఒక మంద ఎదురొస్తుంది. ఆగి, ఆ మనిషితో కాసేపు మాట్లాడండి. తోడేలును మనందరికంటే ఎక్కువ చూసింది ఆయనే, ఆ మాటలు ఇంకా మిగిలి ఉన్నది కూడా ఆయన నోట్లోనే.